‘మా వంశంలోనే ఉంది’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘మా వంశంలోనే ఉంది’ గారికి,

నమస్కరించి రాయునది. మీ క్షేమం అడగనక్కర్లేదు. పెళ్లి పంక్తిలో మారు వడ్డించేటప్పుడూ మీ గొంతే, ల్యాబ్‌లో రిపోర్టు కవరు విప్పినప్పుడూ మీ గొంతే. “మా నాన్నకీ ఇదే ఒళ్లు, మా తాతకీ ఇదే పొట్ట” అని మీరు అందుకోగానే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. నేరమంతా తాతగారిది. ఆయన పోయి చాలాకాలమైంది కాబట్టి వాదించడానికి రాడు.

మీది పచ్చి అబద్ధమని నేననను. ఎఫ్‌టీఓ జన్యువుకీ ఊబకాయానికీ ఉన్న చుట్టరికం 2007లో బయటపడింది. బరువు పెంచే రకం అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా వచ్చిన ఐరోపావాళ్లు, అది అసలే రానివాళ్లకంటే సగటున 3 కిలోలు ఎక్కువ తూగారు. మా బావగారు మోస్తున్న అదనం 25 కిలోలు. తక్కిన 22 ఎవరి ఖాతాలో రాశారు? “అదొక్కటే కాదు, అలాంటివి వందలున్నాయి” అంటారు. ఉన్నాయి, ఒప్పుకున్నాం. సీ57 అనే జాతి ఎలుకలకీ ఏ/జే అనే జాతికీ ఒకే కొవ్వు మేత పెడితే మొదటివి బలిసి షుగరు తెచ్చుకుంటాయి, రెండోవి పెద్దగా చలించవు. ఇంతవరకూ మీరు గొప్పగా చెబుతారు. ఆ మొదటివాటికే మామూలు మేత పెడితే సన్నగానే తిరుగుతాయన్న సంగతి దగ్గరకొచ్చేసరికి మీకు దగ్గొస్తుంది.

మీరిలా కబుర్లలో ఉండగా ఒంట్లో జరిగేది వేరు. కేశనాళికలనే అతిచిన్న రక్తనాళాలు ఎంత సన్నమంటే, 7-8 మైక్రాన్ల (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎర్రకణం కూడా ఒళ్లు ముడుచుకుని దూరాలి. వాటికి నెత్తురందించే చిన్న ధమనుల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వదిలితే అవి సడలుతాయి. భోజనం తర్వాత ఇన్సులిన్ కండరంలోని ఈ చిన్న నాళాలను తెరిపించి చక్కెరను లోపలికి పంపిస్తుంది. ఊబకాయంలో ఇన్సులిన్ మాట అంతగా చెల్లదు. పెద్ద కాలువ నిండా నీళ్లున్నా చివరి ఆయకట్టు ఎండినట్టు, నెత్తురు నిండా చక్కెర ఉన్నా కండరానికి సరిగా అందదు. బాగా కొవ్వున్న భోజనం ఒక్కటి చాలు, ఆరోగ్యవంతుల్లో కూడా ఆ పొర కొన్ని గంటలు మందగించడానికి. రోజూ అదే పెడితే ఎవరి నాళాలు ముందు మొండికేస్తాయన్నదాంట్లో మీ వాటా ఉంది, కాదనను. పెట్టిన చెయ్యి మాత్రం మీది కాదు.

మొన్న బావగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. చుక్కలు వేసి, కళ్లు మూయించి, బల్లమీద కూర్చోబెట్టారు. కంటిపాప విచ్చుకున్నాక డాక్టరమ్మ లెన్సు పట్టుకుని లోపలికి తొంగిచూసింది. కోత లేకుండా చిన్న నాళాలు నేరుగా కనిపించే అరుదైన చోటు అది. లావైనవాళ్ల రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో, సన్న ధమనులు ఇంకా సన్నబడి, సిరలు వెడల్పవడం పరిశోధకులు చాలాసార్లు చూశారు. “రాత్రి ఎన్నింటికి తింటారు, ఏం తింటారు?” అని ఆమె అడిగితే బావగారు మీకోసం పక్కకు చూశారు. పది దాటాక బిర్యానీ అని అక్కయ్యే చెప్పింది. మీరు నోరెత్తలేదేం?

ఇంకో మాట. వంశం నుంచి మాకు జన్యువులొక్కటే రాలేదండీ. నెయ్యి గిన్నె వచ్చింది. వేపుడు మూకుడు వచ్చింది. “ఇంకో ముద్ద తినకపోతే నామీద ఒట్టే” అనే అత్తయ్య వచ్చింది. వీటిని ఏ రక్తపరీక్షా పట్టుకోదు కాబట్టి మీరు హాయిగా జమ వేసుకుంటున్నారు.

ఆదివారం మా ఇంట్లో సీమంతం. పిలవకపోయినా వస్తారు, రండి. బావగారు బూరెకు చిల్లుపెట్టి నెయ్యి పోయించుకుంటారు, ఆయన పక్కనే మీకు ఆకు వేయిస్తాం. ఎదురు వరసలో మా మేనకోడలు కూర్చుంటుంది. ఐదో తరగతి. దాని పక్కకు మాత్రం జరక్కండి. మొన్న మూడో బూరె అందుకుంటూ మీ పేరు తప్పు లేకుండా పలికింది.

ఇట్లు,
మీ ఆశ్రిత కుటుంబంలో ఒకడు