సవరణ: పట్టేసిన బోల్టుకు వేడి పెట్టడం గురించి

పాత కార్లలో తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టు గురించి ఇంతకుముందు రాసినప్పుడు “బాగా వేడి చేస్తే వదులుతుంది” అన్నాను. ఆ మాటకు కొంచెం వివరణ కావాలి. వేడి ముఖ్యంగా తగలాల్సింది నట్టుకు. అది వ్యాకోచిస్తే నట్టు, బోల్టు మరచుట్ల మధ్య తుప్పు పట్టు సడలుతుంది. బోల్టునే కాలిస్తే, వేడిగా ఉన్నంతసేపూ అదే ఉబ్బి ఇంకా బిగుస్తుంది, చల్లారనిచ్చి తిప్పాలి. తుప్పు వదిలించే నూనె కొట్టిన వెంటనే మంట పెట్టొద్దు, అంటుకుంటుంది. పెట్రోల్ పైపు, బ్రేక్ గొట్టం, రబ్బరు బుష్ పక్కనైతే అసలు మంట ఆలోచనే వద్దు.

తల అంచులు అరిగిపోయిన బోల్టుకు పన్నెండు మూలల సాకెట్ (బోల్టు తలకు తొడిగి తిప్పే పనిముట్టు) వేస్తే ఉన్న కాస్త అంచూ పోతుంది. ఆరు మూలలదే వాడండి. కాస్త కదిలిందా, ఒక్కసారిగా లాగెయ్యకండి. కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్ళీ నూనె వేసి విప్పండి. విరిగిన బోల్టుతో వేగడం కన్నా ఈ ఆలస్యమే నయం.