అడాప్టర్ ఒక్కటే చాలదు
అడాప్టర్, అంటే వేరే రకం లెన్సుని కెమెరాకి తగిలించే రింగు, ఒకటి కొంటే ఏ పాత లెన్సైనా ఏ కెమెరాకైనా పనిచేస్తుందని కొందరు రాస్తుంటారు. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) ఉన్నవాళ్లకు దాదాపు నిజమే. డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరా) వాళ్లు మాత్రం ఈ మాట నమ్మి డబ్బులు పెట్టకండి. నేను పెట్టాను. సోవియట్ కాలపు హీలియోస్ 44-2 కొని నికాన్ డీఎస్ఎల్ఆర్‌కి తగిలిస్తే, ఎదురుగా కూర్చున్న మా పాప మొహం అద్భుతంగా వచ్చింది. మేడ మీంచి కొండ తీస్తే అంతా మసక. లెన్స్ పాడైందనుకుని అమ్మినాయనతో గొడవ కూడా పడ్డాను, పాపం ఆయన తప్పేం లేదు. హీలియోస్ మర తిప్పి బిగించే ఎం42 రకం లెన్స్. అది మౌంటు (లెన్స్ బిగించే చోటు) నుంచి ఫిల్ముకి, డిజిటల్‌లో అయితే సెన్సర్‌కి, 45.46 మిల్లీమీటర్ల దూరం కోరుతుంది. నికాన్ ఎఫ్ మౌంటులో ఆ దూరమే 46.5. దానికి తోడు అడాప్టర్ మందం కూడా. అంటే లెన్స్ ఉండాల్సిన దానికంటే ముందుకి జరిగిపోతుంది. ఇక దూరపు వస్తువు ఫోకస్ కాదు, గాజు ఉన్న అడాప్టర్ పెడితే అవుతుంది గానీ పదును తగ్గుతుంది. కానన్ డీఎస్ఎల్ఆర్‌ల ఈఎఫ్ మౌంటుకి 44 కాబట్టి పలచటి అడాప్టర్ సరిపోతుంది, అయితే పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ బాడీల్లో కొన్ని లెన్సుల వెనక భాగం లోపలి అద్దానికి తగులుతుంది. సోనీ మిర్రర్‌లెస్‌ల 'ఈ' (E) మౌంటుకి 18 మిల్లీమీటర్లే, అందుకే దానికి దాదాపు అన్నీ పడతాయి. ఇప్పుడు అదే హీలియోస్‌ని మిర్రర్‌లెస్ మీద వాడుతున్నాను, ఫోకస్ అయిన అంచుల్ని రంగుతో చూపించే ఫోకస్ పీకింగ్ ఉంటే కళ్లకు శ్రమ లేదు. మొదటిరోజు షట్టర్ పడకపోతే కంగారు పడొద్దు, మెనూలో లెన్స్ లేకుండా షట్టర్ పడే ఆప్షన్ ఆన్ చేయాలి.