సిస్టీన్ మడోన్నా: కొన్న చిత్రానికి దొంగతనం అంటగట్టారు

ఇటలీ చిత్రకారుడు రఫేల్ గీసిన 'సిస్టీన్ మడోన్నా' గురించి ఒక కథ ఫోన్లలో చక్కర్లు కొడుతోంది. వాటికన్ సొత్తయిన ఈ మేరీమాత చిత్రాన్ని హిట్లర్ సైన్యం ఎత్తుకొచ్చిందట. నీళ్ళు నిండిన గనిలో పాడైపోతుంటే సోవియట్ సైనికులు కాపాడి జర్మనీకి కానుకగా ఇచ్చారట. పైగా, అందులోని పోప్ చేతికి ఆరు వేళ్ళున్నాయట!

ముందు వాటికన్ సంగతి. 1512లో దీన్ని గీయించింది పోప్ రెండవ జూలియస్ అన్నది నిజమే. కానీ గీయించింది ఇటలీలోని పియాచెంజాలో సాన్ సిస్తో మఠం చర్చి కోసం. ఆ పేరు మీదే చిత్రానికి 'సిస్టీన్' అన్న మాట వచ్చింది. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనామందిరం నుంచి కాదు. 1754లో అక్కడి బెనెడిక్టైన్ సన్యాసులే దీన్ని జర్మనీలోని శాక్సనీ పాలకుడు మూడవ అగస్టస్‌కు అమ్ముకున్నారు. ధర 25,000 స్కూడీలు (అప్పటి ఇటలీ నాణేలు). ఒక బొమ్మకు అంత ఇవ్వడం ఆ రోజుల్లో పెద్ద వింత. చర్చిలో ఇప్పుడు ఉన్నది నకలు. అసలు చిత్రం శాక్సనీ రాజధాని డ్రెస్డెన్ చేరిన నూటముప్పై అయిదేళ్ళ తర్వాత గానీ హిట్లర్ పుట్టనే లేదు.

ఇక 'కాపాడటం'. యుద్ధకాలంలో బాంబుల భయంతో డ్రెస్డెన్ చిత్రాలను ఊరి బయటికి తరలించారు. దీన్ని ఒక సొరంగంలో దాచారు. 1945లో సోవియట్ ఎర్రసైన్యం అక్కడి నుంచి మాస్కో పట్టుకుపోయింది. సొరంగంలో చెమ్మ ఉందనే ఒప్పుకుందాం. చెమ్మ నుంచి తీసినవాళ్ళు ఆరబెట్టి ఇచ్చేయాలి కదా? పదేళ్ళు ఎవరికీ చూపించకుండా అట్టే పెట్టుకోవడాన్ని ఏమనాలి? 1955లో మాస్కోలోని పుష్కిన్ మ్యూజియంలో ప్రదర్శిస్తే పది లక్షలకు పైగా జనం వచ్చారు. ఆ తర్వాతే తూర్పు జర్మనీకి తిరిగి ఇచ్చారు. ఎవరి వస్తువు వాళ్ళకు ఇవ్వడం కానుక ఎలా అవుతుంది?

ఆరో వేలు కథ మాత్రం సరదాగా ఉంది. చిత్రంలోని పోప్ పేరు సెయింట్ సిక్స్టస్. 'సిక్స్టస్' అన్న పేరులో ఆరు ధ్వనిస్తుంది కాబట్టి ఎవరికో తట్టినట్టుంది. చిత్రంలో ఎడమ పక్కన సెయింట్ సిక్స్టస్ కుడిచేతిని మన వైపు చాచి ఉంటాడు. ఆ కోణంలో చిటికెన వేలి పక్కన అరచేతి అంచు ఉబ్బెత్తుగా, ఇంకో వేలిలా కనిపిస్తుంది. చిన్న ఫోటోలో అయితే మరీను. చిత్రాన్ని పెద్దది చేసి వేళ్ళు లెక్కపెట్టండి, అయిదే.