మావాడికి ఆక్స్‌ఫర్డ్‌లో సీటొచ్చింది

అమెరికాలో ఎమ్మెస్ చెయ్యాలంటే యూనివర్సిటీకి పేరుండటం ముఖ్యమా అని కొందరు తెలిసీ తెలియక అడుగుతున్నారు. ముఖ్యమే. కాకపోతే అది చదివేవాడికి కాదు. మేనమామలకి, పెళ్లిళ్ల పేరయ్యలకి, ఎదురింటివాళ్లకి. ఎదురింటివాళ్లకైతే మరీను.

మా మేనల్లుడి సంగతే చూడండి. అమీర్‌పేటలో కన్సల్టెన్సీవాళ్లు సీటొచ్చే అవకాశాన్ని బట్టి యాంబిషియస్ రెండు, మోడరేట్ మూడు, సేఫ్ మూడు అని ఎనిమిది పేర్లు రాసిచ్చారు. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఆ కాగితం మీద టీ కప్పు పెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నాం. ఏ సబ్జెక్టులున్నాయి, ఎవరు చెబుతారు లాంటి చిల్లర విషయాల జోలికి ఎవరూ పోలేదు. మా బావ ఒక్కో పేరూ గట్టిగా చదివాడు, వీధి గుమ్మం దాకా వినపడేట్టు. వినగానే "అదెక్కడుంది?" అని అడగాల్సొస్తే కొట్టేశాం. పేరులో తూర్పు, ఆగ్నేయం లాంటి దిక్కులున్నవి వాస్తు పుస్తకంలా ఉన్నాయని మా అక్క తీయించేసింది.

"ర్యాంకు చూద్దాం మామయ్యా" అన్నాడు వాడు. అమాయకుడు. యూనివర్సిటీలకి ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ పత్రిక పట్టికలో 2వ స్థానంలో ఉన్న కొలంబియా యూనివర్సిటీ లెక్కలు తేడాగా ఉన్నాయని 2022లో అక్కడి లెక్కల ప్రొఫెసరే బయటపెట్టాడు. ఆ ఏడాదే అది 18కి దిగిపోయింది. బిల్డింగులు అవే, పాఠాలూ అవే. మరి నంబర్ 2 చూసి కుదుర్చుకున్న సంబంధాల గతేమిటి? మధ్యలో పోయిన 16 ర్యాంకుల కట్నం ఎవరు వాపసివ్వాలి? అమెరికా ప్రభుత్వం దీనిమీద ఇప్పటికీ నోరు విప్పలేదు.

పోనీ, వినడానికి బాగుంటే చాలా అంటే, మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటుండేది. పేరు బాగుంది, వెబ్‌సైటు బాగుంది, రాజముద్రలాంటి ముద్రా ఉంది. లేనివల్లా క్లాసులు, మాస్టార్లు. దాన్ని నడుపుతున్నది అక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారులేనని 2019 జనవరిలో బయటపడేసరికి సుమారు 600 మంది చేరిపోయి ఉన్నారు. వాళ్లలో మన తెలుగు పిల్లలు చాలామంది. అరెస్టులూ అయ్యాయి, నవ్వే విషయం కాదు. యూనివర్సిటీ ఉత్తుత్తిదే గానీ ఫీజు మాత్రం అసలైన డాలర్లలోనే కట్టించుకున్నారు.

వీసా సంగతంటారా, చిలుకూరు బాలాజీ ముందు చేసే 11 ప్రదక్షిణలకీ, కోరిక తీరాక చేసే 108కీ ర్యాంకు అడగడు. హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసాలో అమెరికా మాస్టర్స్‌వాళ్లకి విడిగా ఉంచిన 20 వేల కోటా కూడా అంతే. యూనివర్సిటీకి గుర్తింపు ఉండి, లాభాల కోసం నడిచేది కాకపోతే చాలు, పెద్ద పేరా చిన్న పేరా అని చూడదు. ఉద్యోగమిచ్చేవాడు ఏం ప్రాజెక్టులు చేశావని అడుగుతాడట. మర్యాద తెలియని మనిషి.

ర్యాంకుకి విలువిచ్చింది ఒక్క బ్యాంకు మేనేజరే. ఆయన దగ్గర లిస్టుంది. యూనివర్సిటీ అందులో ఉంటే చదువు అప్పుకి తాకట్టు అక్కర్లేదట, లేకపోతే పొలం కాగితాలు తెమ్మన్నాడు. ప్రతిష్ఠని ఎకరాల్లో కొలవొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

చివరికి మయామీ యూనివర్సిటీ దగ్గర ఆగాం. మయామీ అనగానే బీచ్ గుర్తొస్తుంది కదా, ఇది ఆ మయామీ కాదు. ఫ్లోరిడా ఒక రాష్ట్రం కాకముందే, 1809లో, ఒహాయోలో పెట్టిన ప్రభుత్వ యూనివర్సిటీ. చదువు బాగానే చెబుతారు, దానికేం. మమ్మల్ని కట్టిపడేసింది మాత్రం అదున్న ఊరి పేరు. ఆక్స్‌ఫర్డ్. మా బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మావాడు ఆక్స్‌ఫర్డ్‌లో ఎమ్మెస్." ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కోర్టులో ప్రమాణం చేసి చెప్పొచ్చు.

మర్నాడే ఫ్లెక్సీ షాపుకెళ్లాం. "ఊరి పక్కన ఒహాయో కూడా వెయ్యమంటారా సార్?" అన్నాడు కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు. "ప్లేసుండదులే, వదిలెయ్" అన్నాడు బావ. కుర్రాడు వాడి అభిమానం కొద్దీ మేనల్లుడి ఫోటో వెనక లండన్ బిగ్ బెన్ గడియారం పెట్టాడు. బావ కళ్లజోడు సర్దుకుని కాసేపు తేరిపార చూశాడు. తీసెయ్యమంటాడేమో అనుకున్నాను.

"గడియారం ఇంకాస్త పెద్దది చెయ్యి బాబూ" అన్నాడు.