సవరణ: పని పోయినవారికి ఇ.ఎస్.ఐ. భృతి

ఇ.ఎస్.ఐ. (ఉద్యోగుల రాజ్య బీమా సంస్థ) వారి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజనకు, అంటే పని పోయిన బీమా కార్మికులకు కొంతకాలం భృతి ఇచ్చే పథకానికి, తొలిసారి దరఖాస్తు చేసే ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి ప్రాంత కార్మికుల కోసం రాసిన గత టపాలో, పని పోయాక 90 రోజులు ఆగాలనీ, దినవేతన సగటులో 25 శాతమే వస్తుందనీ, దరఖాస్తు యాజమాన్యం ద్వారానే వెళ్లాలనీ పేర్కొన్నాను. అవి 2018 నాటి షరతులు. సరిచూసుకోకపోవడం నా పొరపాటు. 2020లో ఆ సంస్థ ప్రకటించిన సడలింపుల ప్రకారం, 30 రోజుల తరువాత కార్మికుడే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. భృతి 50 శాతం, జీవితకాలంలో 90 రోజులకు మించదు. అంటే రోజుకు సగటున 500 రూపాయల వేతనం ఉన్నవారికి 250 చొప్పున, గరిష్ఠంగా 22,500 రూపాయలు. కనీసం రెండేళ్లు బీమా పరిధిలో పనిచేసి ఉండాలన్న షరతు అలాగే ఉంది. ఇ.ఎస్.ఐ. చందా కట్టిన రోజుల లెక్కను మాత్రం సడలించారు: ఆరు నెలల చందా కాలాలు నాలుగింటిలోనూ 78 రోజుల చొప్పున ఉండాలన్న పాత షరతుకు బదులు, పని పోవడానికి సరిగ్గా ముందటి కాలంలో 78 రోజులు, మిగతా మూడింటిలో ఏదో ఒకదానిలో 78 రోజులు ఉంటే చాలు. బ్యాంకు పాసుపుస్తకంలో పేరు ఒడియా పలుకుబడిలోనూ, ఆధార్‌లో తెలుగు ఇంటిపేరుతోనూ ఉన్నవారు (మన వైపు ఇది మామూలే) ముందే సరిచేయించుకోవడం మంచిది.