విలువల ఫొటో, అక్షాంశ రేఖాంశాలతో సహా

విలువలు పడిపోతున్నాయని దిగులుపడేవాళ్ళు వ్యాసరచన పోటీ రోజున హనుమకొండలో ఏదో ఒక కాలేజీకి వెళ్ళి చూడాలి. 'నేటి యువత – నైతిక విలువలు' అన్న బ్యానర్ కింద సెమినార్ హాలు కిటకిటలాడుతుంటుంది. క్యాంటీన్‌లో దొరికినవాళ్ళను దొరికినట్టే పట్టుకొచ్చి కూర్చోబెడతారు. రాస్తే రెండు రోజుల అటెండెన్స్. హాజరు 75 శాతానికి తగ్గితే ఆ తప్పు మన్నించడానికి కట్టించుకునే కాండొనేషన్ ఫీజు ఎలాగూ ఉంది. మన చదువుల్లో పశ్చాత్తాపానికి రసీదు కూడా ఇస్తారు.

దీన్ని ఉత్త తంతు అనడం అన్యాయం. కాలేజీలకు గ్రేడులిచ్చే జాతీయ సంస్థ న్యాక్ మొన్నటిదాకా నడిపిన లెక్కలో ఏడో క్రైటీరియన్ పేరే 'సంస్థాగత విలువలు, ఉత్తమ పద్ధతులు'. 1000 మార్కుల్లో దానికి 100. అంటే మిగతా 900 మార్కులకు విలువలతో పని లేదని పెద్దలే తేల్చారు. సాక్ష్యంగా జియోట్యాగ్ ఫొటో, అంటే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు, వేళ ముద్రపడిన ఫొటో, పెట్టాలి. వరంగల్‌లో నైతికత ఉందా అని ఇక ఎవరూ అడగనక్కర్లేదు. సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, ఉదయం పదకొండింటికి, అది ఉన్నట్టు రుజువైంది. అన్నట్టు, మంచి గ్రేడు కోసం లంచం తీసుకున్నారన్న ఆరోపణ మీద న్యాక్ తనిఖీ బృందం సభ్యులు కొందరిని 2025 ఫిబ్రవరిలో సీబీఐ అరెస్టు చేసింది. కేసు తేలేదాకా మనం మాట్లాడకూడదు. అదీ ఒక విలువే.

ఇక వ్యాసాలు. అన్నీ 'మానవుడు సంఘజీవి' అని మొదలై, ఉమ్మడి కుటుంబాల మీదుగా వివేకానందుడి దగ్గర ఆగుతాయి. కాపీ కొట్టారనడం పాపం. అందరూ ఎవరికి వారే చాట్‌జీపీటీని అడిగారు, అంతే. సెల్‌ఫోన్ వల్ల యువత ఎలా చెడిపోతోందో బెంచీ కింద సెల్‌ఫోన్‌లో చూసి రాస్తున్నప్పుడు ఆ ఏకాగ్రత చూసి తీరాలి. కాపీల మీద యూజీసీ పెట్టిన 2018 నిబంధనల్లో థీసిస్‌కైనా 10 శాతం దాకా ఇతరుల రాతతో పోలిక ఉంటే తప్పు పట్టరు. ఇక్కడ ఆ పది శాతమూ వివేకానందుడికే సరిపోతుంది.

ఒకమ్మాయి మాత్రం దారి తప్పింది. డబ్బులిచ్చి రికార్డులు రాయించుకోవడం, ప్రాక్టికల్స్‌కు వచ్చే ఎక్స్‌టర్నల్ గారి బిర్యానీకి తలా ఇంత వేసుకోవడం, అన్నీ పూసగుచ్చినట్టు రాసింది. 'అంశానికి సంబంధం లేదు' అన్నారు జడ్జీలు. నిజమే కదా, అంశం నైతిక విలువలైతే ఆమె రాసింది కాలేజీ గురించి. జాలిపడి కన్సొలేషన్ ఇచ్చారు. గోడ మీద దండ వేసిన ఫొటోలో ఉన్న కాళోజీ వచ్చి రాసినా అంతకు మించి దక్కేది కాదు.

జీతం ఎప్పుడొస్తుందో తెలియని పార్ట్‌టైమ్ లెక్చరర్ చివర్లో త్యాగం గురించి మాట్లాడారు. ఆ సబ్జెక్టులో ఆయన్ను మించినవాళ్ళు కాలేజీలో లేరు.

పార్టిసిపేషన్ సర్టిఫికెట్లు అక్కడికక్కడే పంచారు. అదే ఊపులో ఫైనలియర్ పిల్లాడొకడు ఆఫీసుకెళ్ళి తన టీసీ, ఇంటర్ మెమో అడిగాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి వచ్చేదాకా, లేదంటే అంత సొమ్మూ వాడే కట్టేదాకా అవి బీరువాలోనే ఉంటాయన్నారు. ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది సార్ అని బతిమాలితే, ఇప్పుడిచ్చిన సర్టిఫికెట్ చూపించుకోమన్నారు. దాని మీద ప్రిన్సిపాల్ సంతకం ఒరిజినలేనట.