నాడా చేసిన సాయం

బోల్తా పడ్డ కయాక్ అనే సన్నటి పడవలోకి ఎవరి సాయమూ లేకుండా మళ్లీ ఎక్కాలంటే ప్యాడిల్ ఫ్లోట్ ఉంటే సులువు. తెడ్డు చివర తొడిగే గాలి సంచీ అన్నమాట. సియాటిల్ పక్కనున్న సమామిష్ సరస్సు ఒడ్డుకి వచ్చి కారు డిక్కీ తెరిస్తే, మాది ఇంట్లోనే ఉండిపోయిందని తెలిసింది.

"అయితే ఇవాళ్టికి వద్దులెండి," అంది మా ఆవిడ.

నేను పొలం బావిలో ఈత నేర్చుకున్నదే నడుముకి నూనె డబ్బా కట్టుకుని. అలాంటివాణ్ణి, గాలి సంచీ లేదని వెనక్కి పోతానా? పిల్లలకి మంచినీళ్లు తెచ్చిన రెండు గ్యాలన్ పాల డబ్బాలు పారబోసి, మూతలు బిగించాను. ఒక్కోటి సుమారు 3.8 లీటర్లు. లీటరు గాలికి కిలో బరువు తేలుతుంది కాబట్టి రెండూ కలిసి ఏడున్నర కిలోలు.

"మీరు 84," అంది.

నన్ను మొత్తం మొయ్యక్కర్లేదు, తెడ్డు చివర దూరంగా ఉండి పడవ ఒరగకుండా ఆపితే చాలని లెక్చర్ దంచాను. కట్టడానికి తాడే లేదు. కారంతా వెతగ్గా వెతగ్గా చివరికో నాడా దొరికింది. ఎక్కడ దొరికిందో తర్వాత చెప్తాను.

లైఫ్ జాకెట్ వేసుకుని, కావాలనే బోల్తా కొట్టాను. జూన్ నెలే, కానీ ఆ నీళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. గుండె ఒక్క క్షణం ఆగి, ఆలోచించుకుని, మళ్లీ మొదలెట్టింది. పడవని నిలబెట్టి, తెడ్డుని సీటు వెనక అడ్డంగా పెట్టి, దానికో కాలు మెలేసి, బల్లిలా బోర్లా పాకాను. ఇక లోపలికి తిరిగేటప్పుడు డబ్బాల వైపే తిరగాలి. నేను రెండోవైపు తిరిగాను. మళ్లీ బుడుంగు!

రెండోసారి మాత్రం అదిరింది. డబ్బాలు బాతుల్లా తేలాయి, ముడి ఇసుమంత జారలేదు. లోపల కూర్చుని పెరుగు డబ్బాతో నీళ్లు తోడుతుంటే ఒడ్డున ఎవరో చప్పట్లు కొట్టారు. దర్జాగా చెయ్యి ఊపాను.

అప్పుడు కిందికి చూసుకున్నాను. ఆ నాడా నా నిక్కరుది. దాని ఎలాస్టిక్ కిందటేడే సాగిపోయింది. నేను ఎక్కాను గానీ నిక్కరు ఎక్కలేదు.

ఒడ్డుకి చేరగానే మా ఆవిడ, "దిగండి, పులిహోర పెడతాను," అంది.

"ముందు తువ్వాలు తే."

"తల తుడుచుకోడానికేగా, చిన్నది చాలా?"

"పెద్దది."